పొడుల వ్యాపారం, ఐదంకెల కోడ్: నా సబ్సిడీ లోన్ కథ

"నంబరేది మేడమ్?" అన్నాడు సూపర్ మార్కెట్ అబ్బాయి, నా కందిపొడి ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తూ. స్టిక్కర్ మీద నా ఫోన్ నంబర్ ఉంది కదా అని వేలు పెట్టి చూపించాను. నవ్వాడు. "ఇది కాదండీ, ఫుడ్ నంబర్. 14 అంకెలుంటాయి. అది లేకుండా ర్యాకులో పెడితే మా మీదకొస్తుంది." ఇరవై ప్యాకెట్లు సంచిలో వేసుకుని వెళ్లినదాన్ని, ఆ ఇరవైతోనే ఇంటికి తిరిగొచ్చాను. 2022 సెప్టెంబరు సంగతి ఇది.

మాది పల్నాడులో ఓ చిన్న మున్సిపాలిటీ. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో ఆటో ఇంటి ముందే నిలబడిపోయినప్పుడు నేను పొడులు మొదలుపెట్టాను. కందిపొడి, ఇడ్లీ కారం, కరివేపాకు కారం, వెల్లుల్లి వేసిన కూరకారం. మొదట వీధిలో వాళ్లు కొన్నారు, తర్వాత వాళ్ల చుట్టాలు, ఆ తర్వాత అమెరికా, ఆస్ట్రేలియా చదువులకు వెళ్లే పిల్లల పెట్టెల్లోకి ఎక్కాయి. జూలై, ఆగస్టు వచ్చిందంటే ఒక్కో ఇంటికి నాలుగైదు కిలోలు పోతాయి. పప్పులు ఇంట్లో మిక్సీలో వేసుకునేదాన్ని. మిరపకాయలు మాత్రం బజారులో మిల్లుకు పట్టుకెళ్లి కొట్టించాల్సిందే. సీజన్లో అక్కడ మన వంతు వచ్చేసరికి అన్నాల వేళ దాటిపోతుంది. సొంతంగా పొడి కొట్టే పల్వరైజర్ ఒకటి, పప్పులు వేయించే రోస్టర్ ఒకటి ఉంటే ఎంత బాగుండు అనే ఆశ ఆ మిల్లు ముందు నిలబడి నిలబడి పుట్టిందే.

సూపర్ మార్కెట్ నుంచి వట్టి చేతులతో వచ్చిన రోజు నుంచి మెషీన్ల లోన్ అకౌంట్లో పడేదాకా పదకొండు నెలలు పట్టింది. అందులో ఆరు నెలలు నాకు తెలియక పోగొట్టుకున్నవే. ఆ ఆరు నెలల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఫుడ్ నంబర్ ఎక్కడ ఇస్తారని నలుగురినీ అడిగితే అందరూ బస్టాండు దగ్గరి ఒక ఇంటర్నెట్ సెంటర్ చూపించారు. ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు 2,500, చిన్న వ్యాపారాలను కేంద్రం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ సర్టిఫికెట్‌కు 1,500 అన్నాడు అక్కడి కుర్రాడు. ఉద్యమ్ దేనికంటే, "రేపు లోన్‌కి వెళ్లినా అదే అడుగుతారు ఆంటీ" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితమనీ, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే చేసుకోవచ్చనీ, అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న నాలాంటి వాళ్లకు ఫుడ్ రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలేననీ నాకెవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. నాలుగు వేలు కట్టాను.

అసలు దెబ్బ ఆ నాలుగు వేలు కాదు. ఫారం నింపుతూ ఆ అబ్బాయి కంప్యూటర్ నుంచి తల తిప్పకుండా "ఏం వ్యాపారం ఆంటీ?" అని అడిగాడు. "పొడులు అమ్ముతాను బాబూ" అన్నాను. అమ్ముతాను అన్నాను కాబట్టి చిల్లర అమ్మకం అని ఏదో నొక్కాడు. చేస్తాను అని ఉంటే ఈ కథ సగానికి సగం తగ్గిపోయేది.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని మా వార్డు సచివాలయానికి వెళ్లాను. చిన్న వ్యాపారం అనగానే వాళ్లకు గుర్తొచ్చినవి జగనన్న తోడు, స్వనిధి. అప్పట్లో రెండింటిలోనూ మొదట ఇచ్చేది పది వేల లోనే. తోపుడుబండికి, రోడ్డు మీద బుట్టకు అవి సరిపోతాయి. నాకు కావాల్సింది ఐదారు లక్షల మెషీన్లు. అక్కడున్న సెక్రటరీ మంచమ్మాయే, "మీలాంటి వాళ్లకు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఏదో ఉండాలి మేడమ్, కనుక్కుని చెప్తాను" అంది. నేనే ఆగలేదు. మధ్యలో ఒకాయన తగిలాడు, సబ్సిడీ లోన్లు చేయిస్తాననీ ప్రాజెక్టు రిపోర్టుకు 8,000 అవుతుందనీ. మా ఆయన వద్దన్నారు. నేను వినలేదు. ఈ ముక్క ఆయన ఇప్పటికీ నెలకోసారి గుర్తుచేస్తుంటారు.

నవంబర్లో ఆ రిపోర్టు, ఉద్యమ్ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. మేనేజర్ గారు రెండు పేజీలు తిప్పి, "మీది ట్రేడింగ్ కదా మేడమ్, తయారీ యూనిట్ సబ్సిడీ దీనికెలా వర్తిస్తుంది?" అన్నారు. ఏమిటో నాకు అర్థం కాలేదు. మొండిచెయ్యి చూపించడానికి ఏదో వంక పెడుతున్నారనుకున్నాను. బయటికొచ్చి ఆటోలో కూర్చుని రిపోర్టు మొదటిసారి పూర్తిగా చదివితే, తొమ్మిదో పేజీలో ముడిసరుకు దగ్గర 'జీడిగింజలు' అని ఉంది. ఎవరిదో జీడిపప్పు యూనిట్ రిపోర్టుకు నా పేరు తగిలించి ఇచ్చాడు మహానుభావుడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ తర్వాత సంక్రాంతి వచ్చింది, ఆర్డర్ల హడావిడిలో లోన్ మాట మర్చిపోయాను. మర్చిపోయాను అనేకంటే, మనకు రాదులే అని వదిలేశాను.

మార్చిలో మా డ్వాక్రా గ్రూపు మీటింగ్‌కు వచ్చిన ఆర్పీ (గ్రూపులు చూసే రిసోర్స్ పర్సన్) అక్క, పొదుపు లెక్కలన్నీ అయ్యాక, "ఆహార పదార్థాలు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే పేర్లివ్వండి, పీఎంఎఫ్‌ఎంఈ కింద జిల్లా నుంచి డీఆర్పీ వస్తాడు" అంది. ఈ పేరు పలకడానికే వారం పట్టింది నాకు. చిన్న చిన్న ఆహార తయారీ యూనిట్లను రిజిస్ట్రేషన్లు, బ్యాంకు లోన్లతో దారిలో పెట్టడానికి కేంద్రం 2020 జూన్‌లో తెచ్చిన పథకం. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. ఆ సబ్సిడీలో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, స్వీట్లు, పిండి మరలు, నూనె గానుగలు అన్నీ ఇందులోకి వస్తాయి. డీఆర్పీ అంటే డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్. మన దరఖాస్తు నింపడం, రిపోర్టు తయారు చేయడం, బ్యాంకు చుట్టూ మనతోపాటు తిరగడం అతని పని. పేరు ఇచ్చాను గానీ, ఇంకో ఎనిమిది వేలకు ఎసరు వచ్చిందనుకున్నాను లోపల.

వచ్చాడు. ముప్ఫై లోపు కుర్రాడు, బైకు మీద, వీపున లాప్‌టాప్ బ్యాగు. ఆ రోజు నేను కూరకారం కలుపుతున్నాను. గుమ్మంలో అడుగు పెడుతూనే తుమ్ములు మొదలయ్యాయి. ఏడు లెక్కపెట్టాను. మజ్జిగ ఇచ్చి, ముందే అడిగేశాను, "మీకెంత ఇవ్వాలి బాబూ?" అని. "ఏమీ వద్దక్కా. లోన్ శాంక్షన్ అయితే ప్రభుత్వమే నాకు 20,000 ఇస్తుంది. సగం శాంక్షన్ కాగానే, మిగతా సగం మీ రిజిస్ట్రేషన్లు, ట్రైనింగ్ అన్నీ పూర్తయ్యాక. మీ పని అవ్వకపోతే నాకు రూపాయి రాదు" అన్నాడు. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఊరికే చేస్తానంటే నమ్మేదాన్ని కాదు, నా పని అయితేనే అతనికి డబ్బులంటే నమ్మాలనిపించింది.

"లెక్కల పుస్తకం చూపించండక్కా." లేదు అన్నాను. "బిల్లులు?" పప్పుల కొట్టులో తెల్ల కాగితం మీద రాసిస్తారు, అవీ లేవు. "మరి ఆర్డర్లు ఎలా గుర్తుంటాయి?" గోడకున్న తిరుపతి క్యాలెండర్ వైపు చూపించాను. పాలవాడి గీతల పక్కనే రాసుకుంటాను నేను. 'శారద క. 2, ఇ. 1, 150 బాకీ' అని. అతను లేచి క్యాలెండర్ మేకు మీద నుంచి తీశాడు. పాతవి ఉన్నాయా అని అడిగితే, అటక మీద నుంచి 2021ది, 2022ది కూడా దించాను. గచ్చు మీద పరుచుకుని కూర్చుని, నెల నెలా చదువుతూ లాప్‌టాప్‌లో కొట్టుకున్నాడు. "లెక్కలు లేవంటారేంటక్కా, మూడేళ్ల సేల్స్ రిజిస్టరు ఇది" అన్నాడు. తర్వాత నా ఫోన్‌పే స్టేట్‌మెంట్ తీసి క్యాలెండర్ పక్కన పెట్టి సరిచూశాడు. నెలకు సగటున 26 వేల అమ్మకం తేలింది. నేనైతే పదిహేను వేలు ఉంటుందేమో అనుకునేదాన్ని.

మా అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ, "ఇంత అమ్ముతున్నావా, మరి డబ్బులేవే?" అంది. మంచి ప్రశ్న. దానికి జవాబు కూడా ఆ మధ్యాహ్నమే దొరికింది.

కిలో కందిపొడికి ఏమేం పడుతుందో చెప్పమన్నాడు. కందిపప్పు 600 గ్రాములు, 84 రూపాయలు. శనగపప్పు 200 గ్రాములు, 16. ఎండుమిర్చి 100 గ్రాములు, 25. జీలకర్ర 40 గ్రాములు, ఆ ఏడు జీలకర్ర మండిపోయింది, 24. వెల్లుల్లి, ఉప్పు కలిపి 15. మొత్తం 164. నేను అమ్మేది 240కి. అంటే కిలోకు 76 మిగులుతుందని నా లెక్క. "ప్యాకెట్లు?" పావుకిలోవి నాలుగు, స్టిక్కర్‌తో కలిపి ఒక్కోటి ఆరు రూపాయలు, 24. "గ్యాసు, కరెంటు?" 20 వేసుకున్నాడు. "సాయానికి వచ్చే ఆవిడకు?" కిలోకు 30 పడుతుంది. అన్నీ కూడితే 238. నాకు మిగిలేది రెండు రూపాయలు. పప్పు వేయిస్తే తగ్గే తూకం, మా ఆయన ఆటోలో పోసే డీజిల్ ఇంకా లెక్కలోకే రాలేదు. మూడేళ్లు మిక్సీ ముందు కూర్చుని నేను చేసిన వ్యాపారం అది.

320 చేయమన్నాడు. నాకు భయమేసి 300 చేశాను. అరవై ఇళ్లలో నాలుగిళ్ల వాళ్లు మానేశారు, అంతే. లోన్ రాకపోయినా సరే, ఆ ఒక్క మధ్యాహ్నం వల్ల నేను బాగుపడ్డానని అప్పుడే అనుకున్నాను. సాయం అంటే డబ్బులే అనుకుంటాం గానీ, పక్కన కూర్చుని మన క్యాలెండర్ మనకు చదివి చెప్పేవాళ్లు దొరకడం అంత తేలిక కాదు.

ఇక ఉద్యమ్ కాగితం. చూసీ చూడగానే నుదురు కొట్టుకున్నాడు. అందులో ఎన్‌ఐసీ కోడ్ అని ఒక గడి ఉంటుంది. మన వ్యాపారం ఏ రకమో చెప్పే ఐదంకెలు అక్కడుంటాయి. నాది 47తో మొదలైంది. 47 అంటే చిల్లర వర్తకం. వర్తకులకు కూడా 2021 జూలై నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. కానీ అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది, తయారీదారులకిచ్చే సబ్సిడీలకు కాదు. మసాలాలు, కారాలు పట్టి పొడి చేసే పనికి కోడ్ 10795. ఆధార్ ఓటీపీ కొట్టించి, పాతది తీసేసి కొత్తది పెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఖర్చు సున్నా. నవంబర్లో ఆ మేనేజర్ గారు చెప్పింది వంక కాదు, నిజమే. కాకపోతే ఇంకొక్క వాక్యం చెప్పి ఉంటే, అంటే ఈ కోడ్ మార్చుకుని రండి అని ఉంటే, ఆ సంక్రాంతికే నా మెషీన్ తిరిగేది.

ఇంకో సంగతి కూడా అతను చెప్పేదాకా నాకు తెలియదు. కారం, పసుపు లాంటి మసాలా పొడులు విడిగా అమ్మకూడదు, ప్యాక్ చేసే అమ్మాలి. నేనేమో తెలిసిన వాళ్లే కదా అని కూరకారం డబ్బాలో నుంచి తీసి కవర్లో పోసి ఇచ్చేదాన్ని. ప్యాకెట్ మీద ఏమేం ఉండాలో కూడా ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఎక్కువ పడే దినుసు నుంచి తక్కువ పడేదాని వరకు వరసగా పేర్లు, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ధర, అడ్రసు, శాకాహారం ఆకుపచ్చ గుర్తు, ఆ 14 అంకెలు. నా పాత స్టిక్కర్ మీద లక్ష్మీదేవి బొమ్మ, ఫోన్ నంబరు తప్ప ఏమీ లేవు.

ఇంట్లో మెషీన్ పెట్టడం కుదరదని మొదటి రోజే తేలిపోయింది. చుట్టూ ఇళ్లు. మిక్సీలో కారం తిప్పితేనే పక్కింటి పిన్నిగారు దగ్గుకుంటూ కిటికీ మూసేస్తారు. ఊరి చివర మా ఆడపడుచు వాళ్ల రేకుల షెడ్డు ఖాళీగా ఉంటే అద్దెకు రాయించుకున్నాం. అది మున్సిపాలిటీ హద్దు దాటి పంచాయతీలో ఉంది. అంటే ట్రేడ్ లైసెన్సు పంచాయతీలో, త్రీ ఫేజ్ కరెంటు కొత్తగా, ఉద్యమ్‌లోనూ ఫుడ్ రిజిస్ట్రేషన్‌లోనూ అడ్రసు మార్పు. తిరుగుడు ఎక్కువే గానీ ఎక్కడా ఆగలేదు. పంచాయతీ కార్యదర్శి గారు అడిగింది ఒక్కటే, దుమ్ము పొలాల వైపు పోకుండా గోడ ఎత్తు పెంచమని.

సబ్సిడీ నీ పేరు మీద ఒకటి, నా పేరు మీద ఒకటి తీసుకుందామా అని మా ఆయన మధ్యలో ఒక ఐడియా వేశారు. కుటుంబానికి ఒకరికే.

రిపోర్టు ఈసారి మా ఇంటి గచ్చు మీదే తయారైంది. మెషీన్లు 5,10,000, షెడ్డు బాగుచేతకు 1,50,000, వైరింగుకు 40,000, మొత్తం 7 లక్షలు. కట్టుబడి ఖర్చు మొత్తంలో 30 శాతం దాటకూడదట, స్థలం ఖరీదు అసలు కలపకూడదట. మా వాటా పది శాతం, 70,000. బ్యాంకు ఇచ్చేది 6,30,000. సబ్సిడీ 2,45,000. సరుకు కొనడానికి వర్కింగ్ క్యాపిటల్ విడిగా అడగాలి, దానికి ఈ 35 శాతం వర్తించదు. కొటేషన్లు జీఎస్టీ నంబరు ఉన్న కంపెనీల నుంచే ఉండాలి. ఏప్రిల్ మొదట్లో ఆన్‌లైన్లో పెట్టాడు. కలెక్టర్ గారి ఆధ్వర్యంలో జిల్లా కమిటీ చూసి బ్యాంకుకు పంపడానికి నెల పట్టింది.

బ్యాంకులో మళ్లీ మొదలు. పాత మేనేజర్ గారు ఫైలు చూసి, "ఇప్పుడు బాగుంది" అన్నారు. షెడ్డు చూడటానికి వస్తానన్నారు. వచ్చేలోపు జూన్‌లో ట్రాన్స్‌ఫర్ అయిపోయారు. కొత్తాయన వచ్చి మొదటి నుంచి అడిగారు. నా సిబిల్ (అప్పులు కట్టిన తీరు చూపే స్కోరు) బాగానే ఉంది, గ్రూపు లోన్లు వాయిదా తప్పకుండా కట్టినందుకు. ఆ మాట ఆయనే మెచ్చుకున్నారు కూడా. కానీ చివర్లో, "ఇంటి కాగితాలు ఏమైనా పెట్టగలరా?" అన్నారు. ఇల్లు మా అత్తయ్య పేరు మీద ఉంది. ఆవిడను అడగడం బ్యాంకును అడగడం కంటే కష్టం.

బయటికొచ్చి డీఆర్పీకి ఫోన్ చేశాను. దాదాపు ఏడుపు గొంతుతోనే. "సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు రూలే ఉందక్కా. గ్యారంటీ ఇవ్వడానికి సీజీటీఎంఎస్‌ఈ అని ట్రస్టు ఉంది, ఫీజు కొంచెం మనమే కట్టుకోవాలి. మీరు మాత్రం ఆయనతో వాదించకండి" అన్నాడు. వారం తర్వాత జిల్లా కేంద్రంలో బ్యాంకర్ల మీటింగ్ ఉంటే నన్నూ రమ్మన్నాడు. వెనక వరసలో కూర్చున్నాను. పెండింగ్ దరఖాస్తులు చదువుతూ, జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్ గారు నా పేరు దగ్గర ఆగి, ఎందుకు ఆగిందని అడిగారు. మా మేనేజర్ గారు "సెక్యూరిటీ" అనబోయి, "గ్యారంటీ స్కీములో పెడుతున్నాం సార్" అన్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. జూలై చివరి వారంలో శాంక్షన్ లెటర్ వచ్చింది. ఆ రూలు ఉన్నదని తెలిసి కాగితం మీద చెప్పగలిగే మనిషి పక్కన లేకపోతే నేను అత్తయ్య కాళ్లు పట్టుకునేదాన్నే.

శాంక్షన్ వచ్చాక డబ్బు మన చేతికి ఇస్తారనుకుంటారు చాలామంది. మా వాటా 70,000 ముందు కట్టించుకుని, మెషీన్ల డబ్బు బ్యాంకే కంపెనీకి పంపింది. షెడ్డు పనికి మాత్రం బిల్లులు చూసి విడతలుగా ఇచ్చారు. ఆగస్టులో మొదటి విడత, సెప్టెంబర్లో మెషీన్లు.

ఇక్కడ నాకున్న ఒకే ఒక్క గట్టి ఫిర్యాదు. మిరపకాయలకు ఒక కాలం ఉంది. కొత్త కాయ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు యార్డుకు వస్తుంది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ఆ తర్వాత కొనేదంతా కోల్డ్ స్టోరేజీ కాయే. ఏడాదికి సరిపడా కాయ ఆ రెండు మూడు నెలల్లోనే కొని దాచుకోవాలి. మా చుట్టుపక్కల ఎవరిని లేపి అడిగినా చెప్తారు ఈ మాట. నా ఫైలు మాత్రం ఏప్రిల్ నుంచి బల్లల మీదే ఉండి, యార్డు ఖాళీ అయ్యాక బయటికొచ్చింది. పైగా పది క్వింటాళ్లు కొనడానికి రెండున్నర లక్షల వర్కింగ్ క్యాపిటల్ అడిగితే లక్షకే క్యాష్ క్రెడిట్ (అవసరమైనప్పుడు తీసి వాడుకునే అప్పు) ఇచ్చారు. నెలనెలా కొంచెం కొంచెం కొనుక్కోవచ్చు కదా అని బ్యాంకు లెక్క. ఆ మొదటి ఏడు అలాగే టిక్కీ (మిర్చి బస్తా), అర టిక్కీ చొప్పున కోల్డ్ స్టోరేజీ కాయ తెచ్చుకున్నాను. తాలు కాయ ఎక్కువ తగిలేది, ఏరడానికే ఒక మనిషి కూలి పోయేది. ఎవరైనా ఇప్పుడు అడిగితే, మిర్చితో పనుంటే దసరాకు ముందే దరఖాస్తు పెట్టమని చెప్తున్నాను.

మెషీన్ వచ్చిన మొదటి రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఐదు కిలోల కాయ వేశాం. కారం సన్నగా, మెత్తగా వచ్చింది. చెయ్యి పెడితే వేడి. సాయంత్రానికి చూస్తే రంగు మాడినట్టు ముదురుగా అయింది. మా అత్తయ్య వేలితో నాలుక మీద వేసుకుని, "బజారు మిల్లు కారమే నయం" అంది. రాత్రంతా నిద్ర లేదు నాకు. తెల్లారి మెకానిక్ వచ్చి, మరీ సన్న జల్లెడ వేయడం వల్ల కాయ లోపలే తిరిగి వేడెక్కుతోందని చెప్పాడు. ముందు లావు జల్లెడతో ఒకసారి, ఆరాక సన్నదానితో ఇంకోసారి పట్టమన్నాడు. ఇప్పుడు అలాగే చేస్తున్నాం, అదీ తెల్లవారుజామున చల్లటి వేళలో. ప్రభుత్వం పెట్టిన మూడు రోజుల ట్రైనింగులో శుభ్రత గురించి, లేబుల్ గురించి బాగా చెప్పారు. జల్లెడ గురించి ఎవరూ చెప్పలేదు.

2024 జనవరిలో సబ్సిడీ వచ్చిందని మెసేజ్ వచ్చింది. స్వీట్లు పంచాను. మా అత్తయ్య రెండు రోజులు చూసి, "ఏదే ఆ రెండున్నర లక్షలు?" అంది. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ డబ్బు మన చేతికి రాదు, బ్యాంకులోనే మన లోన్ పక్కన వేరే ఖాతాలో ఉంటుంది. చివరి విడత లోన్ తీసుకున్న దగ్గర్నుంచి మూడేళ్లు వాయిదాలు సరిగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటే అప్పుడు లోన్‌లో కలుపుతారు. వాయిదా నెలకు 14 వేలకు కాస్త తక్కువ. "అంటే చూపించి ఊరించడమన్నమాట" అని తేల్చేసింది ఆవిడ. కాదని నేనూ అనలేకపోయాను. కానీ ఆ ఊరింపు వల్లే ఒక్క వాయిదా కూడా తప్పలేదన్నది కూడా నిజం.

2024 వేసవిలో మాత్రం కాయ కాలానికి చేతిలో డబ్బుంది. యార్డుకు మా ఆటోలోనే వెళ్లి నాలుగు క్వింటాళ్లు తెచ్చుకున్నాం. సూపర్ మార్కెట్ అబ్బాయి ఇప్పుడు ప్యాకెట్ తిప్పి చూడడు, ఎప్పుడిస్తారని ఫోన్ చేస్తాడు. క్యాలెండర్ ఇంకా అదే మేకుకు ఉంది. కాకపోతే ఆదివారం ఆదివారం అందులోవి మా అమ్మాయి పుస్తకంలోకి ఎక్కిస్తుంది.

మొన్న వెనక వీధిలో జంతికలు, చెక్కలు చేసే అమ్మాయి వచ్చింది. ఎవరో ఆరు వేలకు రిపోర్టు చేసిస్తానన్నారట, ఇవ్వమంటారా అక్కా అని. ఉద్యమ్ చేయించావా అంటే, చేయించానని మడతపెట్టిన కాగితం తీసింది. కళ్లజోడు పెట్టుకుని ఆ కోడ్ గడి వెతికాను. 47.

"ఆ అబ్బాయితో ఏమన్నావు, జంతికలు అమ్ముతానన్నావా?"

"అవునక్కా."

"ఆధార్‌కు లింకైన ఫోన్ తెచ్చుకున్నావా? కూర్చో, ఓటీపీ వస్తుంది."